రేచీకటి పట్టిన కెమెరాలు: బొమ్మసంద్ర గోదాములో ఒక పీఓఈ కేసు

బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటి కొంత దూరం వెళితే బొమ్మసంద్ర పారిశ్రామిక వాడ వస్తుంది. అక్కడ యంత్రాల విడిభాగాలు నిల్వచేసే ఒక గోదాములో, పొద్దు వాలిన తర్వాత గేటు కెమెరాలు ఆగిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగిపోతున్నాయని నన్ను పిలిచారు. సంస్థ పేరూ పరికరాల తయారీదారుల పేర్లూ ఈ కేసుకు అవసరం లేదు కనుక వదిలేస్తున్నాను. నెట్‌వర్క్ స్విచ్ పోర్టుల నుంచే పరికరాలకు విద్యుత్తు అందించే పద్ధతిని, అంటే పవర్ ఓవర్ ఈథర్‌నెట్ (పీఓఈ)ను, మనలో చాలామంది కేబుల్ గుచ్చితే పనిచేసే సౌకర్యంగానే చూస్తాం. అది కూడా లెక్క కట్టి అమర్చవలసిన విషయమేనని ఈ గోదాము నాకు గట్టిగా గుర్తుచేసింది.

నేను వెళ్లేసరికే ఆ సంస్థవాళ్లు చాలా ప్రయత్నాలు చేశారు. సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోతోందని ఒక స్టెబిలైజర్ కొన్నారు, ర్యాక్ వేడెక్కుతోందని ఫ్యాన్ పెట్టించారు, కెమెరాలే చెడిపోయాయనుకుని రెండింటిని మార్పించారు. కొత్త కెమెరాలు కూడా అదే వేళకు అలాగే పడిపోయాయి. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనది మదనపల్లె వైపు. నేను నిచ్చెన వేసుకుని కెమెరా చూస్తుంటే ఆయన కింద నిలబడి, “సార్, దీనికి రేచీకటి. పొద్దు గూకితే చాలు, కళ్లు కనపడవు” అన్నాడు. రోగాన్ని ఆయన సరిగానే పట్టాడని ఆ రాత్రికి నాకు అర్థమైంది.

రికార్డర్‌లోని పాత లాగ్‌లు, అంటే ఏ వేళకు ఏం జరిగిందో తెలిపే నమోదులు, తీసి చూస్తే మొదటి ఆధారం దొరికింది. డిసెంబరులో కెమెరాలు తొలిసారి పడిపోయే సమయం సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ఉండగా, ఫిబ్రవరి చివరికి అది ఆరున్నర దాటింది. గడియారం ప్రకారం నడిచే యంత్రం గానీ, షిఫ్టు మారే వేళ గానీ కారణమైతే ఆ సమయం అలా జరగదు. అది సూర్యాస్తమయంతోపాటు కదులుతోంది. రాత్రి తొమ్మిదికి రెండో విడత ఉంది. అప్పుడు మరో రెండు కెమెరాలు పడిపోతున్నాయి. గోదాము లోపలి దీపాలు ఆర్పేది సరిగ్గా తొమ్మిదికే.

ఒకే స్విచ్, 24 నోళ్లు

అక్కడున్నది 24 పోర్టుల స్విచ్ ఒకటే. పోర్టులన్నిటికీ కలిపి అది పంచగలిగే పీఓఈ విద్యుత్తు 195 వాట్లు. 1 నుంచి 3 వరకు ఐపీ ఫోన్లు, 4 నుంచి 8 వరకు ఐదు వైఫై యాక్సెస్ పాయింట్లు, 9 నుంచి 22 వరకు కదలని కెమెరాలు పద్నాలుగు, 23, 24 పోర్టుల్లో ముందు గేటుకూ వెనక గేటుకూ తిరిగే పీటీజెడ్ కెమెరాలు రెండు ఉన్నాయి. ఈ వరుసను ఎవరూ ఆలోచించి పెట్టలేదు. కేబుళ్లు లాగిన క్రమంలోనే ప్యాచ్ ప్యానెల్‌కు (ర్యాక్‌లో అవి వచ్చి చేరే పలకకు) ఎక్కాయి, గేట్ల దాకా కేబుల్ లాగడం ఆఖరి పని కాబట్టి గేటు కెమెరాలు చివరి పోర్టుల్లోకి వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి స్విచ్ చూపించిన కొలతలు ఇవి: ఫోను ఒక్కొక్కటి 3 వాట్లు, యాక్సెస్ పాయింటు 13, కదలని కెమెరా 4.5, పీటీజెడ్ 9. మొత్తం 155. బడ్జెట్ 195 కాబట్టి ఆ వేళ చూసిన ఎవరికైనా 40 వాట్లు మిగులుతున్నట్టే కనిపిస్తుంది. చీకటి పడ్డాక మళ్లీ చూశాను. వెలుతురు తగ్గగానే కెమెరాలు కంటికి కనపడని తమ ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) దీపాలను వెలిగించుకుంటాయి. అప్పుడు కదలని కెమెరా 9.5 వాట్లకు, పీటీజెడ్ 20 వాట్లకు పెరుగుతుంది. బయట ఉన్న తొమ్మిది కెమెరాలూ రెండు పీటీజెడ్‌లూ ఒకదాని వెనక ఒకటి రాత్రి రీతిలోకి మారేసరికి అడిగే మొత్తం 222 వాట్లు. తొమ్మిదికి లోపలి దీపాలు ఆరిపోతే మిగిలిన ఐదు కెమెరాలు కూడా ఐఆర్ వెలిగిస్తాయి, అప్పుడు 247.

బడ్జెట్ దాటినప్పుడు ఏ పోర్టును ఆపాలో స్విచ్ ప్రాధాన్యం చూసి నిర్ణయిస్తుంది. అన్ని పోర్టులకూ ఒకే ప్రాధాన్యం ఉంటే చాలా స్విచ్‌లు పెద్ద సంఖ్య ఉన్న పోర్టును ముందుగా ఆపుతాయి. ఇక్కడ 24, 23 వరుసగా ఆగిపోయి లోడు 182కి దిగేది. కొన్ని క్షణాల తర్వాత స్విచ్ మళ్లీ ప్రయత్నించేది. ఇప్పుడే లేస్తున్న పీటీజెడ్ ఐఆర్ వెలిగించక ముందు 9 వాట్లే అడుగుతుంది కాబట్టి 191 దగ్గర దానికి చోటు దొరికేది. అది పూర్తిగా లేచి, చుట్టూ చీకటిని గమనించి, దీపాలు వెలిగించగానే 202 అయి మళ్లీ కోతపడేది. తెల్లవార్లూ ఇదే తంతు.

ఈ తంతు అసలు మొదలవడానికి కారణం స్విచ్ సెట్టింగుల్లో ఉంది. అది అర్థం కావాలంటే స్విచ్ విద్యుత్తును ఎలా లెక్కపెడుతుందో కొంత చెప్పాలి.

పీఓఈ స్విచ్ పోర్టులోకి నేరుగా విద్యుత్తును వదలదు. ముందుగా 2.8 నుంచి 10 వోల్టుల మధ్య చిన్న వోల్టేజీ పెట్టి, అవతల సుమారు 25 కిలోఓమ్‌ల గుర్తింపు నిరోధం ఉందా అని చూస్తుంది. అది కనిపిస్తేనే 15.5 నుంచి 20.5 వోల్టుల మధ్య రెండో పరీక్ష చేసి, పరికరం తీసుకునే కరెంటును బట్టి దాని క్లాస్, అంటే అది ఎంత విద్యుత్తు కోరే తరగతిదో, తెలుసుకుంటుంది. ఆ తర్వాతే పూర్తి వోల్టేజీ ఇస్తుంది. అందుకే పీఓఈ పోర్టులో మామూలు ల్యాప్‌టాప్ గుచ్చినా అది కాలిపోదు. (ఈ తంతేమీ లేకుండా 24 వోల్టులు నేరుగా తోసే చవక ఇంజెక్టర్ల సంగతి వేరు. వాటిని ర్యాక్‌లో ఎక్కడ చూసినా నేను ముందు పక్కన పెట్టిస్తాను.) 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణంలో పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తే, పరికరం దగ్గరకు 12.95 వాట్లు చేరుతుందని హామీ. 2009 నాటి 802.3ఏటీలో ఇవి 30, 25.5 అయ్యాయి. 2018 నాటి 802.3బీటీ పోర్టు దగ్గర 90 వాట్ల దాకా తీసుకెళ్లింది. మధ్యలో పోయేదంతా కేబుల్‌లో వేడిగా పోయే నష్టం. 24 పోర్టుల స్విచ్‌లకు 370, 48 పోర్టుల వాటికి 740 అనే అంకెలు తరచూ కనిపించడం కూడా ఇందుకే, 15.4ను పోర్టుల సంఖ్యతో గుణించి చూడండి.

స్విచ్ బడ్జెట్‌ను రెండు విధాలుగా లెక్కపెట్టవచ్చు. క్లాస్ ప్రకారం లెక్కపెట్టే పద్ధతిలో, పరికరం నిజంగా ఎంత వాడినా, దాని క్లాస్‌కు తగ్గ మొత్తాన్ని ముందే పక్కన పెడుతుంది. క్లాస్ 3 కెమెరా 4.5 వాట్లే వాడుతున్నా దాని పేర 15.4 రాసి ఉంచుతుంది. వాడకం ప్రకారం లెక్కపెట్టే పద్ధతిలో ఆ క్షణాన కొలిచిన వాట్లనే చూస్తుంది. ఈ స్విచ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి పద్ధతిలో వచ్చింది. ఆ పద్ధతిలో మూడు ఫోన్లకు 7 చొప్పున 21, ఐదు యాక్సెస్ పాయింట్లకు 15.4 చొప్పున 77, ఆపైన ఆరు కెమెరాలకు 92.4, మొత్తం 190.4. ఏడో కెమెరాకు చోటు లేదు. పది కెమెరాలు వెలగకపోయేసరికి, అమర్చిన కాంట్రాక్టరు ఆ సెట్టింగును రెండో పద్ధతికి మార్చాడు. అన్నీ వెలిగాయి. పగటిపూట పని అప్పగించి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు.

స్విచ్ చెప్పిన ‘చాలదు’ను ఆ మార్పు కనబడకుండా చేసింది. వాడకం పద్ధతి తప్పని నేను అనను, నేనూ వాడతాను. అయితే ప్రతి పరికరమూ తన గరిష్ఠం అడిగే గడియలో మొత్తం ఎంతో తెలిసినప్పుడే దాన్ని వాడాలి. మధ్యాహ్నం మూడింటి అంకె ఆ లెక్కకు పనికిరాదు.

తొలి సవరణ, దాని పరిమితి

మొదటి రోజే ఏదో ఒకటి చేసి గేట్లను నిలబెట్టాలి. మనకో సామెత ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. పోర్టు ప్రాధాన్యం సరిగ్గా ఆ వడ్డించేవాడే. 23, 24 పోర్టులకు అత్యున్నత ప్రాధాన్యం, ఫోన్లకూ బయటి కెమెరాలకూ దాని తర్వాతిది, యాక్సెస్ పాయింట్లకు అన్నిటికన్నా తక్కువ ఇచ్చాను. ఆ రాత్రి గేటు కెమెరాలు పడలేదు. ఆరున్నరకు మూడు యాక్సెస్ పాయింట్లు, తొమ్మిదికి మరొకటి పడిపోయాయి. రాత్రి షిఫ్టులో సరుకు స్కాన్ చేసేవాళ్లకు వైఫై పోయింది. కొరత ఎక్కడికీ పోలేదు, బంతిలో చోటు మారిందంతే. ప్రాధాన్యం అనేది అనుకోని కొరత వచ్చినప్పుడు ఎవరిని వదులుకోవాలో చెప్పే ఏర్పాటు. రోజూ ఉండే కొరతకు దాన్ని మందుగా వాడకూడదు.

యాక్సెస్ పాయింట్ల దగ్గర నాకు మరో అనుమానం వచ్చింది. ఐదింటిలో ఏదీ ఎప్పుడూ 13 వాట్లు దాటడం లేదు. ఖాళీగా ఉన్నా, ముప్పై మంది వాడుతున్నా అదే గీత. వాడకం తక్కువ కావడం వల్ల వచ్చే అంకె అలా గోడకు కొట్టినట్టు నిలవదు. యాక్సెస్ పాయింటు సొంత పేజీలోకి వెళ్లి చూస్తే, తక్కువ విద్యుత్తు రీతిలో నడుస్తున్నాననీ, కొన్ని రేడియో యాంటెన్నాలను ఆపివేశాననీ రాసి ఉంది. అది క్లాస్ 4 పరికరం. 802.3ఏటీ ప్రకారం 13 వాట్లకు మించిన విద్యుత్తు పొందాలంటే, క్లాస్ పరీక్షను రెండుసార్లు జరపడం ద్వారా గానీ, లింకు లేచాక, నెట్‌వర్క్ పరికరాలు తమ వివరాలను పక్క పరికరానికి చెప్పుకునే ఎల్‌ఎల్‌డీపీ సందేశాల ద్వారా గానీ స్విచ్, పరికరం ఒప్పందానికి రావాలి. ఎల్‌ఎల్‌డీపీలో ఈ బేరం వాటులో పదో వంతు దాకా సూక్ష్మంగా జరుగుతుంది. ఈ పాత స్విచ్ రెండో మార్గాన్నే వాడుతుంది. అయితే ఫోన్ల, వైఫై పోర్టులకు వేసిన సెట్టింగుల టెంప్లేట్‌లో (మూసలో), స్విచ్ వివరాలు బయటికి పొక్కకూడదని, ఎల్‌ఎల్‌డీపీని ఆపేశారు. కెమెరా పోర్టులకు ఆ టెంప్లేట్ లేదు కనుక పీటీజెడ్‌లకు 20 వాట్లు అందుతున్నాయి.

గోదాము మూలల్లో వైఫై మందకొడిగా ఉందన్న ఫిర్యాదు ఏడాదిగా ఉందట. దానికీ కెమెరాలకూ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అప్పటికప్పుడు ఎల్‌ఎల్‌డీపీని తిరిగి పెట్టాలని చెయ్యి లాగింది, కానీ పెట్టలేదు. ఐదు యాక్సెస్ పాయింట్లూ 17, 18 వాట్లకు పెరిగితే ఆ రాత్రి కొరత ఇంకో 20 వాట్లకు పైగా పెరుగుతుంది.

లెక్క, మార్పు

యజమాని ఒక్క కొత్త స్విచ్‌కు ఒప్పుకున్నారు. పాతదాన్ని తీసేసి 370 వాట్ల స్విచ్ పెడితే సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. క్లాస్ ప్రకారం పూర్తిగా పక్కన పెడితే కదలని కెమెరాలకు 215.6, క్లాస్ 4 పరికరాలు ఏడింటికి 210, ఫోన్లకు 21, వెరసి 446.6 వాట్లు. సరిపోదు. ఒక్కో పోర్టుకు విడిగా పరిమితి విధించి, కెమెరాకు 12, పీటీజెడ్‌కు 30, యాక్సెస్ పాయింటుకు 22, ఫోనుకు 7 ఇస్తే 359 వాట్లతో సరిపోతుంది. మిగిలేది 11 వాట్లు. పైగా ఇంకో కెమెరా పెట్టాలన్నా పోర్టు ఖాళీ లేదు. కాబట్టి పాత స్విచ్‌ను కూడా ఉంచమన్నాను. ఫోన్లూ యాక్సెస్ పాయింట్లూ 131 వాట్ల గరిష్ఠంతో 195 వాట్ల పాత స్విచ్ మీద, కెమెరాలన్నీ 228 వాట్ల గరిష్ఠంతో 370 వాట్ల కొత్త స్విచ్ మీద ఉండేట్టు విడదీశాం. రెండింటిలోనూ వాడకం పద్ధతిని తీసేసి, పోర్టుకు నిర్ణయించిన పరిమితినే బడ్జెట్‌లో పక్కన పెట్టే పద్ధతిని ఎంచుకున్నాను. ఇకపై ఎవరైనా కొత్త పరికరం గుచ్చినప్పుడు చోటు లేకపోతే ఆ కొత్త పరికరమే వెలగదు, అప్పటికే నడుస్తున్నది పడిపోదు. పీఓఈ అమర్పులో నేను అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునే గుణం ఇదే.

పరిమితులు పెట్టేటప్పుడు నేనే ఒక తప్పు చేశాను. కెమెరా డేటాషీట్‌లో గరిష్ఠం 10.5 వాట్లని ఉంటే, పోర్టు పరిమితిని కూడా 10.5 గానే రాశాను. డేటాషీట్ చెప్పేది పరికరం దగ్గరి అంకె. పోర్టు కొలిచేది పరికరానికి కేబుల్ నష్టాన్ని కలిపిన అంకె. తొంభై మీటర్ల మంచి రాగి కేబుల్ మీద ఆ కెమెరాకు నష్టం అర వాటు లోపే ఉంటుంది, కానీ ఆ అర వాటు చాలు. అదే రాత్రి దూరంగా ఉన్న రెండు కెమెరాలను పరిమితి దాటాయని స్విచ్ ఆపేసింది. ఉదయం వెళ్లి 12కు మార్చాను.

పరీక్షకు రాత్రి దాకా ఆగలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు రికార్డర్ నుంచి పదహారు కెమెరాలనూ ఒకేసారి రాత్రి రీతిలోకి నెట్టి, పీటీజెడ్‌లకు గస్తీ తిరగమని ఆదేశమిచ్చి, ఆ వేళకు తిరిగి పెట్టిన ఎల్‌ఎల్‌డీపీతో యాక్సెస్ పాయింట్లన్నిటి మీదా భారీ ఫైళ్లు నడిపించాను. కొత్త స్విచ్ మీద గరిష్ఠంగా 187, పాతదాని మీద 97 వాట్లు నమోదయ్యాయి. వైఫై మూలమూలలా పుంజుకుంది. స్విచ్‌ల సొంత వాడకం, మార్పిడి నష్టం, రికార్డర్ కలిపి గోడ సాకెట్ దగ్గర సుమారు 410 వాట్లు తేలాయి కాబట్టి, 360 వాట్ల పాత యూపీఎస్‌ను కూడా మార్చవలసి వచ్చింది. ర్యాక్ ఫ్యాన్ విషయానికొస్తే, పీఓఈ విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగా మారేది చివరనున్న పరికరం దగ్గరే. ర్యాక్‌లో మిగిలేది మార్పిడి నష్టం మాత్రమే. ఫ్యాన్ ఉన్నందువల్ల నష్టం లేదు, ఉండనిచ్చాను.

వెనక గేటు

పెద్ద జబ్బు తగ్గాక చిన్న జబ్బు బయటపడింది. మూడో రాత్రి వెనక గేటు పీటీజెడ్ ఒక్కటి రెండుసార్లు పడిపోయింది. ఈసారి స్విచ్ లాగ్‌లో బడ్జెట్ ప్రస్తావన లేదు, పోర్టులో అధిక లోడు అని ఉంది. ఐఆర్ వెలుగుతూ ఉండగా మోటారు వేగంగా తిరిగినప్పుడే అలా జరుగుతోంది. ముందు గేటులో అదే మోడల్ కెమెరా నిశ్చింతగా పనిచేస్తోంది. తేడా కేబుల్‌లోనే ఉండాలి.

వెనక గేటు కేబుల్ పొడవు 96 మీటర్లు. కెమెరా వైపు ఒక జత తీగలను కలిపి, ర్యాక్ వైపు నుంచి మల్టీమీటర్‌తో కొలిస్తే 31 ఓమ్‌లు వచ్చింది. క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్‌లోని ఘన రాగి తీగ 100 మీటర్లకు 9.38 ఓమ్‌లు మించకూడదు. పోను, రాను కలిపి 96 మీటర్లకు ఎంత చూసినా 18 దాటకూడదు. తీగను బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లటి లోహం. అల్యూమినియం మీద రాగి పూసిన కేబుల్ అది. డబ్బా మీద మాత్రం క్యాట్ 5ఈ అనే అచ్చు వేసి ఉంది. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే, పైగా ఆ తీగలు కాస్త సన్నగా కూడా ఉన్నాయి.

ఆ నిరోధం కెమెరాను ఎలా పడగొడుతుందో లెక్క చూడాలి. విద్యుత్తు రెండు జతల మీద వెళుతుంది కనుక, ఒక్కో వైపు రెండు తీగలు కలిసి మోస్తాయి. పరికరానికి కనిపించే లూప్ నిరోధం 31లో సగం, 15.5 ఓమ్‌లు. 802.3ఏటీ అనుమతించేది 12.5 మాత్రమే. కెమెరాలోని విద్యుత్ సరఫరా స్థిరమైన వాట్లు తీసుకునే రకం. వోల్టేజీ తగ్గితే అది తక్కువతో సర్దుకోదు, కరెంటును పెంచి తన వాట్లు తాను లాక్కుంటుంది. కరెంటు పెరిగితే కేబుల్ నష్టం దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. మోటారు తిరిగే క్షణంలో కెమెరా 25.5 వాట్లు అడిగితే, 53 వోల్టుల పోర్టు నుంచి 0.58 ఆంపియర్లు ప్రవహించాలి. అందులో 5.2 వాట్లు కేబుల్‌కే పోతాయి. పోర్టు దగ్గర 30.7. పరిమితి 30. స్విచ్ తన పని తాను చేసింది. అదే దూరానికి సరైన రాగి కేబుల్ ఉంటే నష్టం 2.5 వాట్లు, పోర్టు దగ్గర 28.

పోర్టు పరిమితిని 30 దాటించవచ్చు కదా అని అక్కడి మెయింటెనెన్స్ కుర్రాడు అడిగాడు. ఆ కొత్త స్విచ్ 802.3బీటీ రకం కాదు కాబట్టి దాటించలేం. దాటించగలిగినా నేను దాటించను. మిగిలిన వాట్లు ఆ తీగలోనే, ఎండకు కాగే గొట్టం లోపల వేడిగా మారతాయి. అల్యూమినియం తీగ క్రింపు దగ్గర, అంటే కనెక్టరులో నొక్కి బిగించిన చోట, వదులైతే ఆ వేడి ఒక్కచోట పోగవుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో ఘన రాగి కేబుల్ పెట్టె తెప్పించి, కొనేముందు చివర కోసి గీకి చూసి, లాగించాం. కొత్త కేబుల్ జత నిరోధం 17.6 ఓమ్‌లు. ఆ రాత్రి గస్తీ వేగాన్ని గరిష్ఠానికి పెట్టి రెండు గంటలు నడిపించాం. పోర్టు 28.1 వాట్లు దాటలేదు.

మిగతా కేబుళ్లన్నీ అలాగే కొలిస్తే ఇంకో మూడు పూత కేబుళ్లు బయటపడ్డాయి. 11, 16, 20 పోర్టులవి. అవి 40 మీటర్ల లోపువి, వాటి చివరున్నవి కదలని కెమెరాలు, కనుక నేటి లోడుకు పడిపోవడం లేదు. వాటిని ఉగాది సెలవుల్లో మార్చడానికి ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఎవరైనా ఆ పోర్టుల్లో పీటీజెడ్ గుచ్చకుండా పరిమితిని 12 దగ్గరే తాళం వేసి, ప్యాచ్ ప్యానెల్ మీద మూడింటికీ కొలిచిన ఓమ్‌లూ తేదీ రాసిన చీటీలు అంటించాను. మొత్తం వాడకం బడ్జెట్‌లో 80 శాతం దాటితే రెండు స్విచ్‌లూ మెయింటెనెన్స్ వాళ్లకు హెచ్చరిక పంపుతాయి. స్విచ్ సాఫ్ట్‌వేర్ మార్చి తిరిగి లేపేటప్పుడు కూడా పోర్టులకు విద్యుత్తు ఆగకుండా ఉంచే సదుపాయం కొత్త స్విచ్‌లో ఉంది, దాన్ని పెట్టాను. పాత స్విచ్‌లో అది లేదు కాబట్టి, దాని సాఫ్ట్‌వేర్ మార్పు రాత్రి షిఫ్టు లేని ఆదివారాల్లోనే చేయాలని వాళ్ల రిజిస్టరులో రాయించాను.